తోక విరిగిన తొమ్మిది

లింబాద్రికి ఒకటే బాధ. ఉస్తాద్ అతన్ని సంతకం పెట్టనివ్వడు.

నూర్‌గఢ్ కోట బురుజు కింద ఇనాయతుల్లా ఉస్తాద్‌కి తుపాకులు బాగుచేసే దుకాణం ఉంది. బాగుచేసే పని ఏనాడో తగ్గిపోయింది. ఇప్పుడు అక్కడికి వచ్చేవన్నీ ముసలి తుపాకులే. గడీల్లో గోడలకు వేలాడినవి, అటకల మీద గొంగళ్ళలో చుట్టి మరిచిపోయినవి. వాటిని పేల్చాలని ఎవరూ తీసుకురారు. వాటి వయసు తేల్చమని తీసుకొస్తారు.

తుపాకి ఫలానా ఏడాదికి ముందుదని తేలి, పేలే స్థితిలో లేకపోతే, సర్కారు దృష్టిలో అది పాతకాలపు వస్తువు. గోడకు తగిలించుకున్నా అడిగేవాడుండడు. ఆ తర్వాతిదైతే లైసెన్సు చూపించాలి. చూపించలేనివాడు కోర్టు మెట్లెక్కాలి. అందుకని ఠాణావాళ్ళు, కోర్టువాళ్ళు, తుపాకి దొరికి హడలిపోయినవాళ్ళు, అందరూ ఉస్తాద్ మాట కోసం ఆ బురుజు కిందికే వచ్చేవారు.

లింబాద్రి అక్కడ పని నేర్చుకుంటున్నాడు. ఆ మాట అంటే అతనికి కోపం. నేర్చేసుకున్నాననే అతని నమ్మకం. అందులో పూర్తిగా అబద్ధమూ లేదు. ఏ కంపెనీ ఏ ఏడాది ఏ నంబరుతో మొదలుపెట్టిందో, ఎక్కడ ఆపి మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకుందో, ఆ పట్టికలన్నీ అతనికి కంఠస్థం. గొట్టం మీది నంబరు చదివాడంటే తుపాకి పుట్టిన ఏడాది నోట్లోంచి ఊడిపడేది. బజారులో కుర్రాళ్ళు ఆట పట్టించడానికి కుట్టుమిషను నంబరు చెప్పి ఏడాది అడిగేవారు. దానికీ చెప్పేవాడు. నిజమో కాదో ఎవరికీ తెలియదు గానీ, చెప్పే తీరు మాత్రం జడ్జిగారు తీర్పు చదివినట్టే ఉండేది.

ఉస్తాద్ కళ్ళకు శుక్లాలు ముదిరాయి. అంకెలు కనబడవు. నంబరు చదివేది లింబాద్రి, ఏడాది చెప్పేది లింబాద్రి, కాగితం రాసేది లింబాద్రి. కింద సంతకం మాత్రం ఉస్తాద్‌ది. అదీ వెంటనే పెట్టడు. రాసింది చదివించుకుంటాడు. తుపాకిని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లకు నూనె రాసినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా బొటనవేలితో తడుముతాడు. అప్పుడు పెడతాడు.

"ఇంకెన్నాళ్ళు ఉస్తాద్? అన్ని నేనే చెప్తున్న గద. ఆ సంతకం నేను పెడితె ఏమైతది?" అని అడిగేవాడు లింబాద్రి.

"చెయ్యి నొప్పి పెడ్తది బేటా," అనేవాడు ఉస్తాద్.

ఆయన జవాబులన్నీ అలాగే ఉండేవి. గురువారం గురువారం దర్గాకు పోయి, లోపలికి వెళ్ళినవాళ్ళ చెప్పులు జతలు కలిపి వరసగా పెట్టి వచ్చేవాడు. అక్కడ కూడా ఎవరైనా పెద్ద మనిషి కదా అని సలహా అడిగితే చాయ్ తాగించి పంపేవాడు.

ఒకనాడు పొద్దున ఒక కానిస్టేబుల్ గోనెసంచిలో తుపాకి తెచ్చాడు. వెనకాలే ఒక ముసలాయన, ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఒక నడివయసు ఆడమనిషి వచ్చారు. ముసలాయన పేరు ఆశన్న. ఆమె ఆయన కోడలు లసుంబాయి. ఇంటి పెంకులు మార్పిద్దామని పైకప్పు విప్పితే, అటక మీద గొంగట్లో చుట్టిన తుపాకి బయటపడింది. పని చేసేవాళ్ళు చూశారు, ఊరంతా చెప్పుకున్నారు, ఠాణాకు తెలిసింది. కేసయింది. ఆశన్న జామీను మీద బయట ఉన్నాడు.

"వచ్చే వాయిదాకు మీ కాయితం కావాలె ఉస్తాద్. కోర్టుల మేజిస్ట్రేటు మేడమ్ అడిగింది," అన్నాడు కానిస్టేబుల్.

లింబాద్రి తుపాకిని బల్ల మీద పెట్టాడు. జోడు గొట్టాల తుపాకి. గొట్టాలు తుప్పు పట్టి, మీట నొక్కితే దెబ్బ కొట్టే గుర్రాల్లో ఒకటి విరిగిపోయి ఉంది. అది ఇక పేలదని పిల్లవాడైనా చెప్పగలడు. గొట్టం పక్కన ఇంగ్లండు కంపెనీ పేరు, దాని కింద నంబరు. లింబాద్రి గుడ్డతో ఒకసారి తుడిచి చదివాడు.

"నాలుగు వేల నూట ఇరవై తొమ్మిది."

ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

"పందొమ్మిది వందల ఇరవై ఆరు. పాతదే, కని పాతకాలపుది కాదు. లైసెన్సు ఉండాలె."

"లైసెన్సు మా తాత కాలంల ఉండె బిడ్డా," అన్నాడు ఆశన్న. "చెదలు తిన్నది."

"చెదలు తిన్నదని కోర్టుల చెప్తె నడ్వదు తాతా."

లసుంబాయికి ఒళ్ళు మండింది. "మా మామకు ఎలుకను కొట్టుడు కూడ రాదు సారూ. అటక మీద ఉన్నదని మాకే తెల్వది. ఎవలిని చంపెటందుకు దాసిపెట్టుకున్నడంటరు?"

లింబాద్రి అప్పటికే కాగితం తీసి రాస్తున్నాడు. ఆశన్న దుకాణం నడిమిట్లో నిలబడి, ఎవర్ని అడగాలో తెలియక ఉస్తాద్ వైపు తిరిగాడు.

"సాబ్, జైలుల సచ్చిపోతె పీనుగను ఇంటికిస్తరా?"

ఉస్తాద్ లేచి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి బల్ల మీద కూర్చోబెట్టాడు. చాయ్ చెప్పాడు. ఆశన్న చాయ్ తాగలేదు. గ్లాసు పట్టుకుని కూర్చుని, చల్లారాక లసుంబాయి చేతికిచ్చాడు. ఆ తర్వాత వాళ్ళు బస్సుకు వెళ్ళిపోయారు. తుపాకి దుకాణంలోనే ఉంది.

లింబాద్రి రాసింది చదివి వినిపించాడు. ఉస్తాద్ తుపాకిని ఒళ్ళోకి తీసుకుని తడమడం మొదలుపెట్టాడు. నంబరు దగ్గర బొటనవేలు ఆగింది. ముందుకు పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఉండిపోయింది.

"గొట్టం కింద చెక్క తెరిచి చూసినవా?"

"చెక్క ఇనుముకు అతుక్కపోయింది ఉస్తాద్. బలవంతం చేస్తె పగుల్తది. అయినా నంబరు పైననే ఉన్నది గద."

"ఎట్లున్నది నంబరు?"

"సాఫ్‌గ కనబడుతున్నది."

"ఆశన్నను ఏమన్న అడిగినవా?"

"ఆయన్ని అడిగేదేముంది ఉస్తాద్? ఆయన ఏమంటడు, నాది కాదంటడు. నంబరు అబద్ధం చెప్పదు."

ఉస్తాద్ కలం తీసుకోలేదు. లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి, ఒక చిన్న చెక్కపెట్టె తెచ్చాడు. అందులో ఇనుము మీద అంకెలు దిగగొట్టే ఉక్కు అచ్చులున్నాయి. చిటికెనవేలంత పొడుగు, ఒక్కోదాని కొసన ఒక్కో అంకె. ఈ దుకాణం పెట్టిన బడే ఉస్తాద్ నాటివి. ఆయన ఇనాయతుల్లాకి గురువు. బయట బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

ఉస్తాద్ ఒక ఇనుప పట్టీ, సుత్తె కూడా తెచ్చి లింబాద్రి ముందు పెట్టాడు.

"నీకు నంబరు చదువుడు వచ్చు. కొట్టుడు రాదు. కొట్టు."

"ఏ నంబరు?"

"ఇదే. నాలుగు వేల నూట ఇరవై తొమ్మిది."

లింబాద్రికి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళ తర్వాత అ ఆలు దిద్దమన్నట్టుంది కదా. కానీ ఉస్తాద్ మాట. కొట్టాడు. నాలుగు వంకరపోయింది. ఒకటి సగమే దిగింది. రెండు రెండుసార్లు పడింది. ఉస్తాద్ పట్టీని తడిమి చూసి, "మళ్ళ," అన్నాడు.

ఆ రోజంతా ఠంగు ఠంగుమని కొడుతూనే ఉన్నాడు. మర్నాడు కూడా అదే పని. చాయ్ తెచ్చినవాడు ఆగి చూసి, "ఏందన్నా, నంబర్లు చదివి చదివి ఇప్పుడు తయారు చేస్తున్నవా?" అన్నాడు. లింబాద్రి వాణ్ణి చూసిన చూపుకి వాడు గ్లాసులు తీసుకోకుండానే పోయాడు.

కొట్టగా కొట్టగా చెయ్యి కుదిరింది. అచ్చును నిలువుగా పట్టుకోవడం, ఒక్క దెబ్బతో దించడం తెలిసింది. మెత్తని ఇనుములో అంకె, బెల్లంలో వేలు దిగినట్టు దిగేది. చుట్టూ సన్నని గట్టు లేచేది. ఉస్తాద్ అది తడిమి తల ఊపాడు. తర్వాత కొత్త పట్టీ ఇచ్చి, దాని మీద మొదటి మూడంకెలే కొట్టమన్నాడు. అది అయ్యాక పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్పించి, నూనెలో ముంచి గట్టిపరిచాడు.

"ఇప్పుడు తొమ్మిది కొట్టు."

సుత్తె దెబ్బకి అచ్చు ఎగిరిపడింది. గట్టిపడ్డ ఇనుము లోపలికి రానివ్వలేదు. రెండో దెబ్బకి పైపైన గీరినట్టు పడింది. గట్టు లేవలేదు.

"గట్టిగయినంక ఎవలన్న కొడ్తరా ఉస్తాద్? కంపెనీలల్ల ముందే కొట్టి తర్వాత కాలుస్తరు," అన్నాడు లింబాద్రి విసుగ్గా. "పైంగ ఈ తొమ్మిదికి తోక విరిగింది. ఎన్నిసార్లు కొట్టినా సగం తోకనే పడుతున్నది. సిటీ నుంచి కొత్త సెట్టు తెప్పిస్త."

"నేను పనిల చేరకముందే విరిగింది అది," అని ఉస్తాద్ నమాజుకు వెళ్ళిపోయాడు.

లింబాద్రి ఒక్కడే మిగిలాడు. కోపం తగ్గలేదు గానీ, చేతిలోని పట్టీ చూస్తే కొంచెం గర్వంగానే ఉంది. రెండు రోజుల్లో ఇంత చక్కగా కొడుతున్నాను, ఇంగ్లండు కంపెనీవాడి చేతికి నా చెయ్యి ఏం తీసిపోయిందని అనుకున్నాడు. పోల్చి చూసుకుందామని పట్టీని తీసుకెళ్ళి ఆశన్న తుపాకి నంబరు పక్కన పెట్టాడు. భూతద్దం పట్టాడు.

తన నాలుగుకీ తుపాకి మీది నాలుగుకీ పోలికే లేదు. ఒకటి వేరు, రెండు వేరు. కంపెనీవాడి అంకెలు సన్నగా, నిటారుగా, లోతుగా ఉన్నాయి.

తొమ్మిది మాత్రం తనదే.

అదే సగం తోక. అదే పైపై గీత. చుట్టూ గట్టు లేదు. ఇప్పుడు చూస్తుంటే ఇంకో సంగతి కూడా కనబడింది. మొదటి మూడంకెలూ కంపెనీ పేరు కింద సరిగ్గా నడిమధ్యన ఉన్నాయి. తొమ్మిది ఒక్కటే, బండి నిండిపోయాక వచ్చి పక్కన వేలాడే మనిషిలాగా, బయటికి ఉంది. ఇదంతా మొన్న కూడా అక్కడే ఉంది. అతను నంబరు చదివాడు గానీ చూడలేదు.

లింబాద్రి ఆ బల్ల దగ్గరే కూలబడ్డాడు. జైలుల సచ్చిపోతె పీనుగను ఇంటికిస్తరా అని ముసలాయన అడుగుతున్నప్పుడు తను తల ఎత్తకుండా రాసుకుంటూ కూర్చున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

ఉస్తాద్ తిరిగి వచ్చేసరికి దుకాణంలో ఎవరూ లేరు. లింబాద్రి ఆశన్న ఊరి బస్సెక్కాడు.

ఆశన్న ఇంటి ముందు పాత పెంకులు కుప్పగా పడి ఉన్నాయి. కప్పు పని ఆగిపోయింది. వాసాల మీద తాటాకులు పరిచారు. ముసలాయన వాకిట్లో నులక మంచం మీద ఉన్నాడు. లింబాద్రిని చూడగానే లేచి నిలబడబోయాడు. లసుంబాయి ముఖం తిప్పుకుంది.

లింబాద్రి మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"తాతా, ఈ తుపాకిని మీవాళ్ళు ఎప్పుడన్న మా దుకాణానికి తెచ్చిన్రా?"

ఆశన్న ముఖం కొంచెం విచ్చుకుంది. చాలా రోజులుగా ఆయన్ని అందరూ ఎక్కడ దాచావు, ఎందుకు దాచావు అని అడగడమే గానీ, ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

"మా తాత తెచ్చిండట బిడ్డా. ఆయిన దొరల శికారుకు ముంగట నడిచెటోడు. పులి లేస్తె దొర చెట్టెక్కేది, మా తాత కింద నిలబడేది. అందుకే దొర ఈ తుపాకి ఇనామిచ్చిండు. లైసెన్సు కాయితం కచేరిల రాసిన్రు. రాసెటప్పుడు గుమస్తా ఏమనుకున్నడో ఏమో, నంబరు పక్కన ఒక తొమ్మిది ఎక్కువ రాసిండట."

"తర్వాత?"

"పోలీసు అమీను తనిఖీకొచ్చిండు. తుపాకిల మూడు అంకెలున్నయి, కాయితంల నాలుగున్నయి, ఇది దొంగ తుపాకి అని గదమాయించిండు. మా తాత ఉరుక్కుంట పోయి గుమస్తా కాళ్ళు పట్టుకున్నడు, కాయితం దిద్దుమని. సర్కారు కాయితం తప్పు పోదు పోరా అన్నడట గుమస్తా. ఇగ ఏం జేస్తడు? కాయితం దిద్దెటోడు దొరకలే. తుపాకిని దిద్దెటోడు దొరికిండు. నూర్‌గఢ్‌కు పోయి తొమ్మిది పెట్టిచ్చుకొచ్చిండు. మా నాయిన ఈ కత చెప్పి చెప్పి నవ్వెటోడు."

లసుంబాయి నోరు తెరిచింది. "ఇది ముందే ఎందుకు చెప్పలేదు మామా?"

"నన్ను ఎవలడిగిన్రు బిడ్డా?" అన్నాడు ఆశన్న.

లింబాద్రి తల వంచుకున్నాడు. వచ్చేటప్పుడు లసుంబాయి జొన్నరొట్టె పెట్టింది.

దుకాణానికి తిరిగొచ్చాక అతను నంబరు వైపు చూడలేదు. చెక్కకూ ఇనుముకూ మధ్య సందులో నూనె పోశాడు. పోసి ఊరుకున్నాడు. మళ్ళీ పోశాడు. వెనకటి లింబాద్రి అయితే సుత్తె తీసేవాడు. ఇప్పుడు మాటిమాటికీ వేలితో కదిపి చూస్తూ, రానప్పుడు వదిలేస్తూ, దాని ఇష్టానికి విడిచాడు. చివరికి చెక్క పగలకుండా ఊడి చేతికి వచ్చింది. లోపలి ఇనుము, గాలి తగలని చోటు కాబట్టి, నిగనిగలాడుతూ ఉంది. దాని మీద కంపెనీవాడి సన్నని అంకెలు.

"ఉస్తాద్! నాలుగు వందల పన్నెండు! లోపల రెండు జాగలల్ల కొట్టిన్రు, రెండు జాగలల్ల మూడంకెలే!"

నాలుగు వందల పన్నెండు అంటే ఆ కంపెనీ తొలినాళ్ళ తుపాకి. ఆశన్న తాతే అప్పటికి పుట్టాడో లేదో. లైసెన్సు మాటే అక్కర్లేదు. ముసలాయన ఇంట్లో కూర్చుని కప్పు వేయించుకోవచ్చు.

ఉస్తాద్ ఆ ఇనుము తడిమి, "మాషా అల్లా," అన్నాడు. "రాయి."

రాయడానికి కూర్చున్నాక లింబాద్రి కలం ఆగింది.

పైన తొమ్మిది తర్వాత చేర్చారని రాస్తే సర్కారు వకీలు ఊరుకుంటాడా? ఎవరు చేర్చారని అడుగుతాడు. తుపాకి నంబరు మార్చడం ఇంకో నేరం. తుపాకి ఎవరింట్లో దొరికిందో వాళ్ళ మెడకే అది చుట్టుకుంటుంది. పాత కేసు పోయి కొత్త కేసు వస్తుంది. ఎవరు కొట్టారో చెబితేనే ఆశన్న బయటపడతాడు. కొట్టినవాడి పేరు బయట బోర్డు మీద ఉంది.

చాలాసేపటికి రాసి తెచ్చి చదివాడు. కంపెనీ నంబరు నాలుగు వందల పన్నెండు అని, చివరి తొమ్మిది తర్వాతి కాలంలో ఎవరో చేర్చినదని.

"ఎవరో అంటె?" అన్నాడు ఉస్తాద్.

లింబాద్రి కాగితం మడిచాడు.

"తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

"కొట్టింది బడే ఉస్తాద్ గద, ఉస్తాద్! ఆయన చేసిన పని అని నా చేతితో ఎట్ల రాయాలె? దుకాణం పరువు పోతది. రేపు మనం ఏ తుపాకి గురించి చెప్పినా, వీళ్ళే నంబర్లు మార్చెటోళ్ళంటరు."

"అంటరు," అని ఒప్పుకున్నాడు ఉస్తాద్.

"మీరే చెప్పున్రి. మీ గురువు గద. మీరు చెప్పేది వేరు."

"నేను చెప్తె వాళ్ళు నన్ను నమ్మాలె. నువ్వు కండ్లతోని చూసినవ్. చూసినోడే చెప్పాలె." ఉస్తాద్ చెక్కపెట్టెలో వేళ్ళు పెట్టి, వెతికి, తొమ్మిది అచ్చును బయటికి తీశాడు. ఒక్కక్షణం అరచేతిలో పెట్టుకున్నాడు. ఆయన పెదాలు కదిలాయి. గురువుకు సలాం చెప్పుకున్నాడో, క్షమాపణ అడిగాడో లింబాద్రికి వినబడలేదు. తర్వాత ఆ అచ్చును లింబాద్రి చొక్కా జేబులో వేశాడు.

"మల్ల రాయి. కింద నీ సంతకం పెట్టు."

ఎన్నేళ్ళుగానో కావాలనుకున్న మాట అది. వినగానే లింబాద్రికి సంతోషం రాలేదు, భయం వేసింది. 'ఎవరో' అన్న మాట కొట్టేశాడు. దాని స్థానంలో బడే ఉస్తాద్ పేరు పూర్తిగా రాశాడు. కింద తన పేరు రాశాడు. రెండు రోజులు సుత్తె కొట్టిన చెయ్యి నిజంగానే నొప్పిగా ఉంది.

వాయిదా రోజు ఉస్తాద్ కూడా వచ్చాడు గానీ లోపలికి రాలేదు. కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆశన్న లోపల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరు మాట్లాడినా వాళ్ళ వైపు తిరిగి దండం పెడుతున్నాడు.

లింబాద్రి చెప్పింది విన్నాక మేజిస్ట్రేటు మేడమ్ అడిగింది.

"ఈ అంకె మీ దుకాణంలోనే కొట్టారని ఎలా చెప్తారు?"

లింబాద్రి జేబులోంచి అచ్చు తీశాడు. మందపాటి సీసపు బిళ్ళ ఒకటి వెంట తెచ్చుకున్నాడు. బంట్రోతు స్టూలు తెచ్చి పెట్టాడు. ఒక్క దెబ్బ. తుపాకినీ బిళ్ళనీ ఆమె ముందు పెట్టి భూతద్దం ఇచ్చాడు. ఆమె ఒకసారి చూసింది. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూసింది. సర్కారు వకీలు కూడా వచ్చి ఆమె భుజం పక్క నుంచి తొంగి చూశాడు.

"అంటే ఈ తప్పు మీ గురువుగారి గురువు చేశారంటున్నారు."

"ఔ మేడమ్."

"ఇది రికార్డులో ఉండిపోతుంది. తెలుసుగా?"

వరండాలో ఉస్తాద్ దగ్గు వినబడింది.

"తెలుసు మేడమ్. ఉండాలె."

ఆమె ఆశన్న చేత కూడా ఆయన తాత కథ చెప్పించుకుంది. గుమస్తా మాట దగ్గరికి వచ్చేసరికి కోర్టు గుమస్తాతో సహా అందరూ నవ్వారు. సర్కారు వకీలు తనకు అడగాల్సింది ఏమీ లేదన్నాడు. ఇది పాతకాలపు వస్తువని, కేసు నిలవదని, తుపాకి సొంతదారుకు తిరిగి ఇవ్వాలని ఆమె చెప్పింది.

ఆశన్నకు ఆ మాటలు ఎక్కలేదు. ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు.

"అయిపోయింది మామా. ఇంటికి పోదాం పా," అంది లసుంబాయి.

"నేనా?" అన్నాడు ఆయన. ఆ తర్వాత ఏడ్చాడు. లింబాద్రి కూడా కళ్ళు తుడుచుకున్నాడు, ఎవరూ చూడలేదనుకుని.

తుపాకి ఠాణా నుంచి విడుదలయ్యాక ఆశన్న దాన్ని తీసుకుని నేరుగా దుకాణానికి వచ్చాడు. ఇంటి కప్పు పని మళ్ళీ మొదలైందని, ఈసారి అటక వేయించడం లేదని చెప్పాడు. చాయ్ వస్తే వేడివేడిగా తాగి, ఇంకోటి అడిగాడు.

బోర్డు ఇంకా అక్కడే ఉంది. ఊళ్ళో కొందరు కొన్నాళ్ళు ఏవేవో అన్నారు. కానీ ఆ వారమే పక్క జిల్లా ఠాణా నుంచి రెండు తుపాకులు వచ్చాయి, తొమ్మిది కథ చెప్పినాయన చూడాలని చీటీ పెట్టి.

ఆశన్న తుపాకిని బల్ల మీద పెట్టి నంబరు చూపించాడు.

"బిడ్డా, నీకు పుణ్యముంటది, ఈ తొమ్మిదిని జర ఆకురాయితోని రాకి తీసెయ్యి. దీనితోనే గద ఇంత తిప్పలయింది. అసలుది మూడంకెలే అంటివి. మూడే ఉండనీ."

లింబాద్రి అలవాటుగా ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ గోడకున్న మేకు నుంచి ఆకురాయి తీసి అతని చేతికిచ్చి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

లింబాద్రి తుపాకిని ఒళ్ళోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని బొటనవేలు నంబరు మీద పెట్టాడు. నాలుగు లోతుగా తగిలింది. ఒకటి, రెండు. ఆ పక్కన, గట్టి ఇనుము మీద పైపైన గీరుకున్న తొమ్మిది. సర్కారుకు జడిసిన ఒక శికారివాడు, కాదనలేకపోయిన ఒక పనివాడు, ఒక్క సుత్తె దెబ్బ. వేలు చాలాసేపు అక్కడే ఉంది.

ఆకురాయిని బల్ల మీద పెట్టేశాడు.

"ఉండనీ తాతా," అన్నాడు. "అది కూడ దీని వయసే."